ఊపిరి తగిలితే చినిగే వెండి

మా ఊరి గ్రంథాలయంలో రోజూ సాయంత్రం పత్రిక పైకి చదివి వినిపించే పని నాది. గ్రంథాలయమంటే పెద్దగా ఊహించుకోకండి. ఒక గది, రెండు బీరువాలు, నాలుగు చాపలు, ఒక కందిలి. బడిలో నా చదువంతా ఉర్దూలో సాగింది. తెలుగు అక్షరాలు మాత్రం ఈ గదిలోనే, పదిహేనో ఏట నేర్చుకున్నాను. ఆలస్యంగా దొరికినందుకో ఏమో, కొత్త తెలుగు మాట ఏది కంటబడినా నాకు పండుగే. ‘తొలకరి’ అన్న మాటను అచ్చులో మొదటిసారి చూసిన రోజు దాన్ని నోటుపుస్తకంలో పదకొండుసార్లు రాసుకున్నాను. ఆ సంబరమే ఒకనాడు నా కొంప ముంచింది. నేను పట్నం ప్రయాణం కట్టడానికి కారణం అదే. మన లిఖిత పత్రిక చదివేవారిలో ఎవరికైనా అలాంటి ప్రయాణం అవసరపడవచ్చునని వేళలూ ఖర్చులూ దారులూ సహా అంతా రాస్తున్నాను.

పోయిన ఎండాకాలం మా వాడకట్టు బాలమ్మక్క ఒక కార్డు తెచ్చి చదవమంది. ఆమె తమ్ముడు మల్లయ్య ఒక మేస్త్రీ వెంట బొంబాయికి కూలికి పోయి మూడేళ్లయింది. వాడు చెబుతుంటే అక్కడ ఎవరో రాసిపెట్టారు. అందులో ఒక వాక్యం ఉంది: “సముద్రం రాత్రిపూట గూడ పని మానదక్కా.” నాకు ఒళ్లు పులకరించింది. ఆ వాక్యం రెండుసార్లు చదివాను. చుట్టూ కూర్చున్నవాళ్లు బాగుందన్నారని గొంతు మార్చి మూడోసారీ చదివాను. తక్కినది గబగబా ముగించి కార్డు ఆమె చేతిలో పెట్టాను. పది రోజుల తర్వాత టపా తెచ్చే ఆయన అదే కార్డు చూసి, అంచున అడ్డంగా రాసిన ఒక వరుస చదివాడు. కార్డు నిండిపోయాక గుర్తొచ్చిన సంగతులు మనవాళ్లు అంచుల్లోనే కదా రాయిస్తారు! మల్లయ్యను కర్నూలు దిక్కు పనికి తీసుకుపోతున్నారట. శనివారం పొద్దున వాడెక్కిన బండి షాద్‌నగర్‌లో నాలుగు నిమిషాలు ఆగుతుందట. మేస్త్రీ దిగనివ్వడు కనుక అమ్మను తీసుకొని ప్లాట్‌ఫారం మీదికి రమ్మని రాయించాడు. ఆ శనివారం దాటి అప్పటికే వారమయింది. స్టేషను మా ఊరికి కోసెడు దూరం.

బాలమ్మక్క ఆ తర్వాత నా దగ్గరికి కార్డులు తేవడం మానేసింది.

గ్రంథాలయం చూసుకునే పంతులుగారు నాకు ధ్యానం గురించిన ఒక చిన్న పుస్తకం ఇచ్చారు. “నీ కళ్లు బాగానే ఉన్నాయి. మనసే మేతకు పోతున్నది. దాన్ని నిలపడం కూడా సాము నేర్చినట్టు నేర్చుకునే విద్యే” అన్నారు. శ్రద్ధగా మొదలుపెట్టాను. మొదటిరోజు కళ్లు మూసుకోగానే నిద్ర వచ్చింది. రెండోరోజు ఊపిరి బిగబట్టి కూర్చుంటే తల తిరిగి బీరువాకు కొట్టుకుంది. మూడోరోజు గంటసేపు కదలకుండా కూర్చున్నాను గాని, ఆ గంటలో ధ్యానం మీద ఒక పద్యం కట్టాను. అదే సమయంలో పట్నం నుంచి మా మేనమామ నర్సింహ బర్రెలకు గడ్డి కొనడానికి వచ్చాడు. ఆయనది ఛత్రినాకలో పాడి. నా అవస్థ చూసి పడిపడి నవ్వి, “ఒక్క దినం మా ఖాజా భాయ్ దగ్గర కూసోరా. వెండి వరఖులు కొడతడు. ఆయన పనిల మనసు జర జారితే చాలు, సరుకంతా ఖరాబు. గసుంటోడు నేర్పాలె నీకు” అన్నాడు. దసరా సెలవుల్లో గురువారం పోవాలని నిశ్చయించుకున్నాను. శుక్రవారం ఆ పనివాళ్లకు సెలవు. మీరు కూడా ఆ రోజు పెట్టుకోకండి.

బుధవారం సాయంత్రం నేను చద్దిమూటకు గుడ్డ వెతుక్కుంటుంటే బాలమ్మక్క వాకిట్లోకి వచ్చింది.

“యాదగిరీ, పట్నం పోతున్నవంట గద?”

“అవునక్కా. రేపు పొద్దటి బండికి.”

“గాడ మస్తు చదువుకున్నోళ్లుంటరంట.” కొంగు ముడిలోంచి ఒక కార్డు తీసింది. “ఇగో, తమ్ముని కాడికెల్లి ఇయ్యాల్నే వచ్చింది. టపా ఆయన మా గడపల పారేసి ఉరికిండు. ఎవరితోనన్న సక్కగ చదివించుకొని రా. నువ్వు మాత్రం చదవకు. మళ్ల సముద్రం కాడ్నే ఆగిపోతవ్.”

“నేను చూడనక్కా” అన్నాను. ఆమె ఎదుటనే ఆ కార్డును నోటుపుస్తకంలో బోర్లా పెట్టి దారంతో కట్టాను. పట్నంలో మూసీ అవతల ఒక తెలుగు గ్రంథాలయం ఉందని పంతులుగారు చెప్పారు. అక్కడి గుమాస్తాతో చదివించుకు వద్దామనుకున్నాను.

గురువారం పొద్దున ఆరింటికి షాద్‌నగర్‌లో బండి ఎక్కాను. మూడో తరగతి టికెట్టు ఏడణాలు. చాలామంది కాచిగూడ దాకా పోయి, మళ్లీ బస్సులో వెనక్కు వస్తారు. పాతబస్తీలో పని ఉన్నవారు ఫలక్‌నుమాలో దిగితే అంత తిరుగుడు ఉండదు. బండి అక్కడికి ఎనిమిదింటి ప్రాంతంలో చేరుతుంది. ఎడమవైపు కిటికీ దొరికితే బుగ్గలు ఎండకు కాలవు. దారిపొడవునా చేలలో జొన్న పొట్ట మీద ఉంది, కంకి ఇంకా బయటపడలేదు. నేను ‘పొట్ట మీద ఉండడం’ అన్న మాట రాసుకుంటూ ఉందానగర్ స్టేషన్ ఎప్పుడు వచ్చి పోయిందో చూడనే లేదు. మనసు మేతకు పోవడమంటే ఇదేనని అప్పుడు సిగ్గేసింది.

ఫలక్‌నుమాలో దిగి, కొండ మీది నవాబు దేవిడీని వీపు వెనక పెట్టుకొని నడిస్తే అరగంటలో ఛత్రినాక. మామ ఇంటికి దారి అడగనక్కరలేదు, పేడ వాసన పట్టుకొని పోవచ్చు. అత్త అప్పుడే పాలు పోసి వచ్చి పొయ్యి దగ్గర కూర్చుంది. రెండు జొన్నరొట్టెలు, పచ్చిపులుసు పెట్టి, ఇంకో రెండు గుడ్డలో కట్టింది.

“ధ్యానం నేర్వబోతున్నవంట! సన్నాసుల గలుస్తవా ఏంది?” అంది.

“లేదత్తా, మనసు నిలపాలె గంతే.”

“మీ మామను గూడ తోలుకపో. పాలు కొలిచేటప్పుడు ఆయన మనసు కూడ ఈడ ఉండదు, నిండుగ పోస్తడు.”

మామ దూడను కట్టుకొయ్య దగ్గరికి తోలుతూ విననట్టే ఉన్నాడు. ఆ దూడ మూడుసార్లు తప్పించుకొని వాకిట్లోకి ఉరికింది. మూడుసార్లూ ఆయన మెడ నిమురుతూ వెనక్కు తెచ్చాడు. ఆ దృశ్యం నాకు ఆ పూటే పనికొస్తుందని అప్పుడు తెలియదు.

లాల్‌దర్వాజా మీదుగా షాలిబండ దాకా నడిచి, అక్కడ చార్మినార్‌కు టాంగా ఎక్కాను. నలుగురు కలిసి ఎక్కితే మనిషికి అణా. నేను దుకాణాల బోర్డులు చదువుతూ నచ్చిన మాటలు రాసుకుంటుంటే టాంగా ఆయన వెనక్కు తిరిగి చూశాడు.

“క్యా లిఖ్‌రైఁ మియా? మునిసిపాలిటీ ఆద్మీవా?”

“కాదు భాయ్, చదువుకునే పిల్లగాన్ని.”

“అచ్ఛా. దిగేటప్పుడు ఆ పుస్తకం నా గుర్రం ముందట తెరవకు. గడ్డి అనుకొని నమిల్తది. ఇంతకుముందు ఒక వకీలు సాబు కాయితాలు తిన్నది, అప్పటిసంది మాట వింటలేదు.”

టాంగాలో ఉన్నవాళ్లంతా నవ్వారు. గుర్రం చెవులు ఆడించింది.

వరఖుల గల్లీ చార్మినార్‌కు పడమర సందుల్లో ఉంది. గాజుల దుకాణాలు దాటాక రెండో మలుపు. మలుపు తిరగక ముందే చప్పుడు వినిపిస్తుంది. పది ఇళ్లలో పది సుత్తెలు. ఖాజా మియా కార్ఖానా చివరిది. ఒకే గది, ఎత్తయిన గడప, కిటికీకి గోనె పరదా. లోపల నేలలో పాతిన రాతి ముందు ఆయన ఒక్కడే కూర్చుని ఉన్నాడు. అరవై దాటిన మనిషి. గోరింట పెట్టిన ఎర్రటి గడ్డం, కుడిచెయ్యి ఎడమచేతికంటె రెట్టింపు లావు.

“సలాం చాచా. ఛత్రినాక నర్సింహ మామ పంపిండు.”

“ఆఁ, బర్రెల నర్సింహ! చెప్పిండు. మనసు నిలవని పిల్లగాడివి నువ్వేనా?”

“నేనే.”

“తుమ్ముతవా?”

“ఏంది చాచా?”

“తుమ్ము, దగ్గు గిట్ల ఏమన్న ఉంటే గల్లీల జేసి రా. లోపల గాలి కదలొద్దు.”

నేను గల్లీలోకి వెళ్లి, రాని తుమ్ము కోసం కాసేపు ప్రయత్నించి, తిరిగి వచ్చాను. ఆయన మీసాల్లో నవ్వుకున్నాడు.

వరఖు మీరు తినే ఉంటారు. పెళ్లిళ్లలో మిఠాయి మీద, పాన్ మీద అద్దే పలుచని వెండి రేకు. హకీములు మందుల్లో కూడా కలుపుతారు. ఆ రోజు ఖాజా మియా కొడుతున్నది ఒక హకీము దుకాణానికే. పలుచని తోలు పొరలతో కుట్టిన ఒక పుస్తకం ఉంటుంది. పొరకూ పొరకూ నడుమ గోరంత వెండి ముక్క పెడతారు. పుస్తకాన్ని తోలు సంచిలో బిగించి రాతి మీద పెట్టి సుత్తెతో కొడతారు. మూడు గంటలు కొడితే గోరంత ముక్క అరచేయంత అవుతుంది. దెబ్బ నడుమ పడాలి, మెల్లగా అంచులకు జరగాలి, మళ్లీ నడుమకు రావాలి. ఒక్కచోట రెండు దెబ్బలు ఎక్కువ పడితే ఆ చోట అన్ని రేకులూ కన్నాలు పడతాయి. పైనుంచి చూస్తే ఏమీ తెలియదు. మూడు గంటల తర్వాత విప్పినప్పుడే తెలుస్తుంది.

“నువ్వు చేసేది ఒక్కటే” అన్నాడాయన. “దెబ్బలు విను. లెక్కపెట్టు. ఇరవై అయినంక మళ్ల ఒకటి. నడుమ తప్పితే మళ్ల ఒకటికెల్లి. కండ్లు మూసుకోకు, నిద్రొస్తది. గా సంచి ముందట నేలను చూస్కుంట కూసో.”

ఇంతేనా అనుకున్నాను. ఏడో దెబ్బ దగ్గర నాకొక ఆలోచన వచ్చింది. ఈ చప్పుడును తెలుగులో ఎలా రాయాలి? సుత్తె కాబట్టి ‘ఠణ్’ అనాలనిపిస్తుంది, కాని తోలు మీద పడుతున్నది కనుక ‘ధప్’ అనాలి. లేక ‘దబ్’ అనాలా? ఇక్కడికి వచ్చేసరికి ఎన్ని దెబ్బలు పోయాయో తెలియలేదు. మళ్లీ ఒకటి. ఈసారి పన్నెండు దాకా పోయి, బాలమ్మక్క కార్డు గుర్తొచ్చి ఆగిపోయాను. మళ్లీ ఒకటి. గల్లీలో ఎవరో నిమ్మకాయలు అమ్ముతూ పోయారు, నేనూ వాళ్ల వెంట కొంతదూరం పోయాను. గంట గడిచేసరికి ఒక్కసారి కూడా ఇరవై నిండలేదు. నన్ను నేను లోలోపల చెడతిట్టుకుంటున్నాను. ఖాజా మియా సుత్తె ఆపకుండానే అడిగాడు.

“ఎందుకు మొకం గట్ల పెట్టినవ్?”

“ఎన్నిసార్లు తప్పినో చాచా. నా మీద నాకే కోపమొస్తుంది.”

“మీ మామ దూడ ఉరికితే ఏం చేస్తడు? కట్టె తీసుకొని కొడతడా?”

“లేదు. మెడ నిమిరి తోలుకొస్తడు.”

“కొడితే?”

“బర్రె చేపదు, పాలియ్యదు.”

“గంతే మరి. నువ్వు తప్పినవని తెలిసింది చూడు, గప్పుడే నువ్వు వాపస్ వచ్చినట్టు. ఖుష్ అయి మళ్ల ఒకటి అను.”

పంతులుగారి పుస్తకంలో ఈ మాట ఉండే ఉంటుంది, నేనే చదివి వదిలేసి ఉంటాను. మనసు పోకుండా పట్టుకోవడమే ధ్యానమని ఇన్నాళ్లూ అనుకున్నాను. పోయిందని గమనించి తిరిగి తేవడమే సాధన అని, వందసార్లు పోతే వందసార్లు తేవచ్చునని ఆ దెబ్బల నడుమ అర్థమయింది. అది తెలిశాక పని సుళువయింది. మధ్యాహ్నానికి ముందు రెండుసార్లు ఇరవై నిండింది.

నమాజుకు ఆయన లేచాడు. నేను గల్లీ మొదట్లో ఇరానీ హోటలుకు పోయి అరణాకు చాయ తాగి, అత్త ఇచ్చిన రొట్టెలు తిన్నాను. చాయ పోసే ఆయన నా మూట చూసి, “రొట్టె మీది, చాయ మాది, బిల్లులోకి కుర్చీ కూడా వేయాల్నా?” అని వెక్కిరించి, అడగకుండానే ఒక ఉల్లిగడ్డ కోసిపెట్టాడు. తిరిగి వచ్చేసరికి ఖాజా మియా సుత్తె ముట్టకుండా, చేతులు తొడల మీద పెట్టుకొని ఊరికే కూర్చున్నాడు. నన్నూ కూర్చోమని సైగ చేశాడు. పక్క కార్ఖానాల చప్పుడు గోడలోంచి వస్తోంది. చాలాసేపటి తర్వాత నోరు విప్పాడు.

“పని పట్టేముందు మా దాదా రోజూ గిట్ల కూసోబెట్టెటోడు. ఊపిరికి కావలి అనెటోడు దీనికి. చేనుకు కావలి ఉండెటోడు పంటను లాగి పెంచుతడా? ఊరికే చూస్కుంట ఉంటడు. ఊపిరి లోపలికొస్తే సల్లగ తాకుతది. బయటికి పోతే ఎచ్చగ తాకుతది. గా తాకేది చూసుకుంట ఉండు.”

చూశాను. ముక్కు చివర నిజంగానే చల్లన, వెచ్చన. పద్దెనిమిదేళ్లుగా లోపలికీ బయటికీ తిరుగుతున్నా నేను ఒక్కసారీ పలకరించని చుట్టంలా ఉంది నా ఊపిరి.

మూడు గంటలకు ఆయన తోలు పుస్తకం విప్పాడు. ఒక్కొక్క పొర తెరుస్తుంటే ఒక్కొక్క నీటి చెలమ బయటపడినట్టుంది. పలుచని ఉక్కు కత్తితో రేకు కిందికి జొరబడి, లేపి, కాగితం మీద పరుస్తాడు. చేయి వణకదు. ముక్కులోంచి గాలి పక్కకు, మెత్తగా పోతుంటుంది. పదకొండు రేకులు ఒక పలక మీద వరుసగా పరిచి, కత్తి నా చేతికిచ్చాడు.

“పన్నెండోది నువ్వు ఎత్తు. బొటనవేలు దూరం పెట్టు, రేకు మీదికి రావొద్దు. వేలి కింద ఏం చినిగేది నీకు కనవడదు.”

నేను ఆయన చెప్పినదంతా విని, నాకు తెలిసిన తెలివి ఒకటి కలిపాను. గాలి తగలకూడదు కదా, ఊపిరి బిగబడితే సరి! గుండెల నిండా పీల్చి బిగబట్టాను. కత్తి కిందికి పోయింది. రేకు లేచింది. సగం లేచేసరికి నా చెవులు హోరెత్తాయి. ఇంకొంచెం, ఇంకొంచెం అనుకుంటుండగానే లోపలి గాలంతా ఒక్కసారి బయటపడింది. ‘ఫూ’ అని నా ఊపిరి పలకంతా ఊడ్చేసింది. పన్నెండు రేకులూ లేచి, తిరిగి, ముడుచుకొని, కొన్ని గోడకు, కొన్ని నా చొక్కాకు, తక్కినవన్నీ ఖాజా మియా ఎర్రటి గడ్డానికి అంటుకున్నాయి.

కత్తి పక్కన పెట్టేశాను. ఆయన గడ్డం తడుముకొని వేళ్లు చూసుకున్నాడు.

“వాహ్! గోరింట నేను పెట్టుకుంటే వెండి నువ్వు అద్దినవ్. మా బీబీ చూసిందనుకో, ‘ఈ వయసుల ఎవరి షాదీకి తయారైనవ్ మియా’ అని చీపురు పడతది.”

“తప్పయింది చాచా. వెండి మొత్తం...”

“వెండి యాడికి పోతది? ఊడిసి కరగబెడితే మళ్ల వెండే. పోయింది నా మూడు గంటలు. గవి కరగబెడితే రావు.” నవ్వుతూనే అన్నాడు గాని ఆ మాట నన్ను గట్టిగా తాకింది. “ఊపిరెందుకు ఆపినవ్? నేను చెప్పిన్నా?”

“లేదు. నేనే అనుకున్న.”

“కట్టేస్తే ఉరుకుతది బేటా. పోనియ్యి. పోతాంటే చూడు. పోవుడు అయినంక, వచ్చుటానికి ముందు జర సందు ఉంటది చూడు, గప్పుడు ఎత్తు.”

ఆయన మెత్తటి కుంచె ఇచ్చాడు. గోడనూ చొక్కానూ ఆయన గడ్డాన్నీ ఊడ్చి వెండి పొడి గిన్నెలోకి చేర్చేసరికి అరగంట పట్టింది. తర్వాత తక్కిన పొరలు తెరిచి మళ్లీ కత్తి ఇచ్చాడు. వద్దన్నా వినలేదు. మొదటిది చినిగింది. రెండోది ముడుచుకుంది. మూడోసారి ఊపిరిని దాని మానాన పోనిచ్చాను. పోవడం చూశాను. ఆ చిన్న సందులో చేయి లేచింది. రేకు కాగితం మీద పడుకుంది. ఒక మూల కొంచెం చినిగింది, అంతే. ఇంత పెద్ద పరీక్ష నేను ఇంతవరకు పాసు కాలేదు.

అప్పటికి నాలుగు దాటింది. ఫలక్‌నుమాలో బండి అయిదున్నరకు. మూసీ దాటి గ్రంథాలయానికి పోయి వస్తే బండి అందదు. నేను దారం కట్టిన నోటుపుస్తకాన్ని చూస్తూ నిలబడ్డాను. ఖాజా మియా ఏమయిందని అడిగితే సముద్రం సంగతి, శనివారం బండి సంగతి, బాలమ్మక్క అన్న మాట మొత్తం చెప్పాను.

“నీకు చదువొస్తది గద?”

“వస్తది. కాని ఆమె నన్ను చదవొద్దన్నది.”

“సక్కగ చదివెటోనితోని చదివించుమన్నది.” ఆయన సుత్తె పక్కన పెట్టాడు. “పొద్దటికెల్లి కూసుండి నేర్చుకున్నది నా వెండి కోసమా? చదువు. నాకు తెలుగు అక్షరం రాదు, చెవులైతే ఉన్నయ్.”

దారం విప్పాను. కార్డు తిరగేశాను. చల్లన, వెచ్చన. మూడుసార్లు ఊపిరిని చూసి మొదలుపెట్టాను. అమ్మకు, అక్కకు దండాలు. నేను బాగున్న. ఈడ రాయి ఎర్రగ ఉంటది. కాలికి తాకిన దెబ్బ మానింది. మన ఆవు ఈనిందా? తర్వాత ఈ వాక్యం వచ్చింది: “పొద్దు మునిగేటప్పుడు తుంగభద్ర ఇత్తడి తాంబాలం తోమినట్టు ఉంటదక్కా.” నా మనసు తాంబాలం దగ్గర ఆగబోయింది. ఆగబోతున్నదని కనబడింది. దూడ మెడ నిమిరినట్టు నిమిరి, తర్వాతి మాటకు తెచ్చాను. కార్డు చివరిదాకా వచ్చాను. అయిపోయిందనుకున్నాను.

అప్పుడు నా బొటనవేలు చూశాను. కార్డు ఎడమ అంచును నొక్కిపెట్టి ఉంది. పోయినసారీ అలాగే పట్టుకొని ఉంటాను. తీశాను. వేలి కింద నుంచి సన్నటి అక్షరాలు అడ్డంగా బయటపడ్డాయి. కార్డు తిప్పి చదివాను.

“ఆదివారం పొద్దుగూకంగ మమ్ముల మళ్ల బొంబాయి తోలుకపోతుండ్రు. బండి షాద్‌నగర్‌ల ఆగుతది. పోయినసారి మీరు రాలే. అమ్మకు నా మీద కోపమా?”

గోడ అవతల సుత్తెలు మోగుతున్నాయి. అయిదారు నెలలుగా వాడు ఆ ప్రశ్న పెట్టుకొని రాళ్లు కొడుతున్నాడు. జవాబు నా బొటనవేలు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఖాజా మియా వేళ్ల మీద రోజులు లెక్కపెట్టాడు.

“ఇయ్యాల జుమ్మేరాత్. ఆదివారానికి ఇంకా మూడు దినాలున్నయ్. ఫికర్ చేయకు, లే, బండి పోతది” అన్నాడు. నేను ఎత్తిన, మూల చినిగిన రేకును రెండు కాగితాల నడుమ పెట్టి నా నోటుపుస్తకంలో దాచాడు. “గిది హకీముకు పనికి రాదు. ఆ పిలగాని నోట్లె మిఠాయి పెడితే, మీద అద్దుమను.”

ఏమన్నా ఇస్తానంటే తీసుకోలేదు. మీరు పోతే డబ్బులు చూపకండి, ఆయనకు కోపం వస్తుంది. గల్లీ మొదట్లో తమలపాకులు దొరుకుతాయి, అవి తీసుకుపోతే సంతోషిస్తాడు. షాలిబండ దాకా మళ్లీ టాంగా, అక్కడి నుంచి పరుగో నడకో తెలియని నడక. బండి కదలడానికి అయిదు నిమిషాల ముందు ఎక్కాను. ఊరు చేరేసరికి ఎనిమిది దాటింది. బాలమ్మక్క అరుగు మీదే కూర్చుని ఉంది.

“ఎవరు చదివిండ్రు?”

“నేనే చదివిన అక్కా.”

ఆమె మొకం మారింది. నేను ఆమె చేతికి కార్డు ఇచ్చి, ఆమె వేలినే అంచున పెట్టి, ఒక్కొక్క అక్షరం మీదుగా నడిపిస్తూ మొదట అడ్డం వరుసే చదివాను. “కోపమా?” అన్న చోట ఆమె వేలు ఆగింది. “అయ్యో తమ్ముడా” అంది. తర్వాత నావైపు తిరిగి, “మరి సముద్రం?” అని అడిగింది. “ఈసారి తాంబాలం అక్కా, తుంగభద్రల. కాని ఆగలే” అన్నాను. మొదట ఆమెకు నవ్వొచ్చింది, ఆ వెనకనే ఏడుపొచ్చింది.

ఆదివారం మేము ముగ్గురం గంట ముందే ప్లాట్‌ఫారం మీద ఉన్నాం. బయలుదేరేముందే బాలమ్మక్క తల్లి నువ్వులుండ ఒకటి చేసింది. ఇంట్లో తలుపులు మూసి, పొయ్యి ఆర్పి, ముగ్గురం గాలి కదలకుండా దాని మీద వెండి రేకు అద్దాం. చినిగిన మూల కిందికి పోయింది. బండి వచ్చింది. నాలుగో పెట్టె కిటికీలోంచి మల్లయ్య తల బయటికి వచ్చింది. తల్లి రెండు చేతులతో వాడి మొకం పట్టుకొని, “నాకేం కోపం బిడ్డా, మాకు ఎరుక గాలేదు” అంది. అదే మాట మళ్లీ మళ్లీ అంది. వాడు నువ్వులుండ చూసి, “గిదేందే, తళతళ మెరుస్తున్నది! నాకు షాదీ చేసిండ్రా ఏంది?” అన్నాడు. అందరూ నవ్వారు. నేను ఒక మాట కూడా రాసుకోలేదు. వాడు నమిలినప్పుడు మీసానికి అంటిన వెండి, తల్లి గాజు కిటికీ కడ్డీకి తగిలిన చప్పుడు, బొగ్గు వాసన, అన్నీ నా ముందే ఉన్నాయి, నేనూ అక్కడే ఉన్నాను. నాలుగు నిమిషాలు ఎంత పొడుగో నాకు అప్పుడు తెలిసింది. పోయిన ఎండాకాలం నేను వాళ్ల దగ్గర పోగొట్టింది ఎంతో కూడా తెలిసింది.

ఇప్పుడు రోజూ పొద్దున పది నిమిషాలు ఊపిరికి కావలి కూర్చుంటున్నాను. దూడ ఇంకా ఉరుకుతూనే ఉంది. తెలుగు మాటల మీద నాకున్న ఇష్టం ఏమీ తగ్గలేదు, నిజానికి ఇప్పుడు ఒక్కొక్క మాట దగ్గర ఇంకా బాగా నిలబడగలుగుతున్నాను. బాలమ్మక్క మళ్లీ నా దగ్గరికే కార్డులు తెస్తున్నది. ఖాజా మియా గదికి పోయేవారు తుమ్ము సంగతి గల్లీలోనే చూసుకోండి. పోలేనివారికి ఒక్కటి చెబుతాను: ఎవరి కార్డు చదివినా, అయిపోయిందనుకున్నాక ఒక ఊపిరి ఆగి, నాలుగు దిక్కులకూ తిప్పి చూడండి. అంతకంటే ముందు మీ బొటనవేలు తీయండి.